కాస్మియం ఎవరిది? "ఇండస్" ఆడి నిరాశపడ్డ మా మాట



పోస్టు పెద్దది. బస్సులో ఉన్నోళ్లు సేవ్ చేసుకుని రూముకెళ్లాక చదవండి. "స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టల్ సీట్ల గురించి పెట్టకుండా గ్రూపులో ఈ గేముల గోల ఏంది" అనే సీనియర్ అన్నలు కూడా దయచేసి చివరిదాకా చదవాలి. గేముతో మొదలుపెడతాం గానీ గేము దగ్గర ఆగం.

మేము పిడుగురాళ్లలో ఒకే రూములో ఉండే ఐదుగురం. ఇద్దరం సుగాలీలం. ఒకడు యానాది, ఒకడు ఎరుకల, ఒకడు బొల్లాపల్లి వైపు చెంచు గూడెం నుంచి వచ్చినోడు. ఐదుగురికీ కలిపి ఆట ఆడటానికి పనికొచ్చే ఫోన్లు మూడు. ఒకరి హాట్‌స్పాట్ మీద మిగతావాళ్లం ఆడతాం. ఓడిపోయినోడు అంట్లు తోమాలి. ఇదీ మా గేమింగ్ చరిత్ర.

పబ్జీ అలవాటైంది, 2020 సెప్టెంబరులో నిషేధించారు. ఫ్రీ ఫైర్‌కి మారాం, 2022 ఫిబ్రవరిలో అదీ పోయింది. బీజీఎంఐ 2021లో వచ్చి, 2022 జూలైలో మాయమై, 2023లో మళ్లీ వచ్చింది. ఎవరి దేశం గేమో, ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఊడుతుందో తెలియని పరిస్థితి. అట్లాంటప్పుడు పూణేకి చెందిన సూపర్‌గేమింగ్ కంపెనీ "ఇండస్ బ్యాటిల్ రాయల్" అని 2022లో ప్రకటించింది. మన దేశం గేము. పైగా "ఇండో ఫ్యూచరిజం" అన్నారు. అంటే భారతీయ భవిష్యత్తు. అమెరికా వాళ్లు, జపాన్ వాళ్లు ఊహించిన భవిష్యత్తు కాదు, మనం ఊహించుకున్నదని.

ఆ మాట మమ్మల్ని పట్టేసింది. నిజం చెప్తున్నాం, రెండేళ్లు ఎదురుచూశాం. ప్రీ రిజిస్టర్ చేసుకున్నాం. ట్రైలర్లు వచ్చినప్పుడల్లా ఆపి ఆపి చూశాం. 2024 అక్టోబరు 16న విడుదలైంది. దసరా సెలవులైపోయి ఊళ్లనుంచి రూముకొచ్చిన వారం అది. ఇంటి దగ్గర మిరప మొక్కకు నీళ్లు పెట్టొచ్చిన చేతుల్తోనే డౌన్‌లోడ్ నొక్కాం.

ముందు మంచి చెప్పుకుందాం. లేకపోతే ఏడుపుగొట్టు మాటలంటారు.

చూడటానికి బాగుంది. గుళ్ల మీద కనపడే చెక్కుళ్లు, బంగారు గీతలు, రాతి మంటపాలు, వాటి మధ్య వెలిగే యంత్రాలు. పాత్రలకు సర్‌తాజ్, బిగ్ గజ్, మోర్నీ లాంటి పేర్లు. ఎప్పుడూ జాన్, మైక్ అనే పేర్లతో చచ్చిన మాకు ఒక నెమలి పేరుతో చావడం కొత్తగా అనిపించింది. ఆట చివర్లో ఒక మంచి ఆలోచన కూడా పెట్టారు. దాన్ని కాస్మియం క్లచ్ అంటారు. చివరి వలయంలో కాస్మియం అనే ఖనిజం బయటపడుతుంది. అందర్నీ చంపక్కర్లేదు, దాన్ని చేజిక్కించుకున్నా గెలిచినట్టే. తుపాకీ గురి సరిగ్గా లేనోడికి కూడా బుర్రతో గెలిచే దారి అది. మాలో గురి అస్సలు లేని ఎరుకల తమ్ముడు మొదటిసారి గెలిచింది అట్లాగే. ఆ రోజు వాడు అంట్లు తోమలేదు.

ఇక నిరాశ.

మొదటి నిరాశ ఆటలోనే ఉంది. పైన ఆకాశం నుంచి దిగు, తుపాకీ ఏరుకో, కుంచించుకుపోయే వలయంలోకి పరిగెత్తు, ఎదురొచ్చినోణ్ణి కాల్చు. పబ్జీలో చేసింది ఇదే, ఫ్రీ ఫైర్‌లో చేసింది ఇదే. ఇక్కడ కూడా ఇదే. భవిష్యత్తు అన్నారు గదా, ఆ భవిష్యత్తులో మనుషులు ఏం తింటారు, ఏ భాష మాట్లాడతారు, ఎవరికి భయపడతారు, ఎవర్ని నమ్ముతారు? ఒక్కటీ తెలీదు. భవిష్యత్తంతా బట్టల్లో ఉంది, తుపాకుల మీది బొమ్మల్లో ఉంది. పాత ఇంటికి సంక్రాంతికి సున్నం వేసినట్టు. సున్నం సంగతి పిడుగురాళ్లోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ పగిలిందా లేదా అనేది సున్నం వేస్తే కనపడదు, అంతే.

దీనివరకైతే మేము పోస్టు రాసేవాళ్లం కాదు. నచ్చకపోతే తీసేసి ఇంకోటి వేసుకుంటాం. మమ్మల్ని కూర్చోబెట్టింది రెండో నిరాశ. అది కథ.

గేములో కథ ఎవరు చూస్తారు అంటారు. మేమూ మొదట చూడలేదు. వర్షం పడి సిగ్నల్ పోయిన ఒక రాత్రి, ఆట ఎక్కక, దాని కథ గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు తగిలింది. కథ ఇది. విర్లోక్ అనే చోటు ఉంది. దాన్ని కట్టింది యక్షులు అనే పాత నాగరికత. ఆ యక్షులు ఇప్పుడు లేరు. మాయమైపోయారు. వాళ్ల నేలలో కాస్మియం అనే శక్తివంతమైన ఖనిజం ఉంది. కోవెన్ అనే పెద్ద ముఠా దానికోసం కిరాయి మనుషుల్ని పంపిస్తుంది. ఆ కిరాయి మనుషులే మిత్‌వాకర్లు. అంటే ఆడేవాళ్లం. అంటే మనం.

చెంచు తమ్ముడు ఒక్క మాటన్నాడు: "అంటే మనం సర్వేకి వచ్చినోళ్లమా అన్నా?"

రూములో ఎవరికీ నోట మాట రాలేదు.

ఎందుకు రాలేదో ఈ గ్రూపులో విడమర్చి చెప్పక్కర్లేదు గానీ, కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం చెప్తున్నాం. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం అన్వేషణ చేస్తామని 2019లో కదిలారు. చెంచులు, వాళ్లతోపాటు చదువుకున్నోళ్లు, కళాకారులు, సినిమావాళ్లు "సేవ్ నల్లమల" అని లేచారు. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. అంతకుముందు, మన సాగర్ నీళ్లకు అవతలి ఒడ్డున, నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు. అక్కడ యురేనియం తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దన్నారు. లంబాపూర్ పేరు చూస్తేనే తెలుస్తది అది ఎవరి చోటో. ఆ నీళ్లే కాలవలో మన పొలాలకు వస్తాయి, మన మిరపకు, పత్తికి అవే దిక్కు.

ఒడిశాలో నియమగిరి. కొండ మీద బాక్సైట్, అదే కొండల్లో డోంగ్రియా కోంద్‌లు. 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది. 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. ఆ పోరాటం నడిచే రోజుల్లో అందరూ "ఇది అచ్చం అవతార్ సినిమాలా ఉంది" అన్నారు. 2009లో వచ్చిన అవతార్ గదా, ఖనిజం కోసం ఇంకో గ్రహం మీదికి పోయి అక్కడి వాళ్లని తరిమే కథ. ఆ సినిమాలోనూ లోపాలున్నాయి. బయటినుంచి వచ్చినోడే వాళ్లకి నాయకుడైపోతాడు. అయినా అందులో నావీలు బతికున్నారు. వాళ్లకి ఒక భాష ఉంది, వాళ్ల చెట్టు ఉంది. కంపెనీ వస్తే విల్లు ఎత్తారు, చచ్చారు, ఏడ్చారు, గెలిచారు.

ఇండస్‌లో అదీ లేదు. అడగడానికి మనిషి లేడు. నేల ఖాళీ. ఖనిజం సిద్ధంగా ఉంది. తవ్వుకునేవాళ్లు వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు. ఎవరు తీసుకోవాలన్నదే తగువు. తీసుకోవచ్చా అనే ప్రశ్నే లేదు. ఏ కంపెనీకైనా ఇంతకంటే మంచి కల ఏముంటది? గ్రామసభ లేదు, పట్టా లేదు, అడ్డం పడే ముసలమ్మ లేదు. ఆ నేలవాళ్లు ముందే "మాయమైపోయారు". ఎట్లా మాయమయ్యారు? ఎవరు చేశారు? ఆట అడగదు.

మా కోపం దీనిమీద. తయారుచేసినోళ్లు కావాలని చేశారని మేము అనటంలేదు. కావాలని చేసుంటే ఇంత బాధ లేదు. కావాలని చేయలేదు కాబట్టే బాధ. "భారతీయ భవిష్యత్తు" అని కూర్చుని స్వేచ్ఛగా ఊహించుకుంటే, ఆ ఊహలో తమంతట తామే వచ్చింది ఏంది? అడవి జనం లేని అడవి. కొండ జనం లేని కొండ. మిగిలింది కొండలోని ఖనిజం, దానికోసం పోయే మనం. పేపర్లో రోజూ చూసే వర్తమానాన్నే మెరిసే బట్టలు తొడిగి భవిష్యత్తు అన్నారు.

పురాణాల మాట కూడా చెప్పాలి. యక్షులు ఎవరు? మన పాత కథల్లో చెట్లకు, చెరువులకు, నిధులకు కాపలా ఉండేవాళ్లు. చెరువు దగ్గర యక్షుడు ధర్మరాజుని ఏమడిగాడు? ముందు నా ప్రశ్నలకు జవాబు చెప్పు, తర్వాత నీళ్లు తాగు అన్నాడు. జవాబు చెప్పకుండా తాగిన నలుగురు తమ్ముళ్లు పడిపోయారు. అంటే యక్షుడి పనే అడగడం. "ఎవరివి నువ్వు? ఎవరినడిగి ముట్టుకుంటున్నావు?" అని అడగడం. ఈ గేములో యక్షుల పేరు ఉంచి యక్షప్రశ్న తీసేశారు. ఇంత పెద్ద మూలకథ చేతిలో ఉండి వాడుకోలేదు. ఒక్కసారి ఊహించండి. కాస్మియం దగ్గరికి పోయిన జట్టుని యక్షుడు నిలబెట్టి అడిగితే? జవాబు చెప్పలేనోళ్లు పడిపోతే? అది గదా ఇండో ఫ్యూచరిజం అంటే!

మన దగ్గరికి వద్దాం. మునిగిపోయిన నాగరికత, నీళ్ల మధ్య దీవి, పాత రాతి కట్టడాలు చూడాలంటే విర్లోక్ దాకా పోనక్కర్లేదు. మాచర్ల దాటి పోతే నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల విజయపురి. 1955 డిసెంబరు 10న సాగర్ డ్యాముకు పునాది రాయి వేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు. ఇప్పుడది దీవి. లాంచీలో పోయి మ్యూజియం చూసి వస్తాం. స్తూపాలకి కొత్త చోటు దొరికింది. అదే లోయలో పొయ్యి వెలిగించుకున్న ఊళ్ల సంగతి ఆ మ్యూజియం అద్దాల్లో వెతకండి. రాళ్లు కాపాడుకోవడం తప్పు అనటంలేదు. రాయి గుర్తుండి మనిషి గుర్తులేకపోవడం గురించి చెప్తున్నాం. "మాయమైన నాగరికత" అనేది అట్లాగే తయారవుతుంది. ఎవరూ గాల్లో మాయం కారు.

పిడుగురాళ్ల సున్నం ఊరు. ఈ నేలంతా సున్నపురాయి. దాచేపల్లి నుంచి మాచర్ల దాకా సిమెంటు, క్వారీలు, బట్టీలు. ఇక్కడ ఇంకో ముడి ఉంది, దాన్నీ నిజాయితీగా విప్పాలి. రాయి కొట్టేది ఎవరు? బట్టీ దగ్గర పొగలో నిలబడేది ఎవరు? మన నాన్నలు, బాబాయిలు, అక్కలే గదా. అంటే మనం యక్షులమూ మనమే, మిత్‌వాకర్లమూ మనమే. నేల పోయినోడే ఆ నేలని తవ్వే కూలికి దిగుతాడు. కిరాయికి పోయే మిత్‌వాకర్‌ని మేము తిట్టం. రోజు కూలికి పోయేవాణ్ణి ఎందుకు తిడతాం? కానీ ఆ మిత్‌వాకర్‌కి కూలి ఎంత, వాడి ఊరేది, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు కోవెన్ ఇస్తుందా అని ఒక్క ముక్క రాయలేదే? వాడికి ఒక వేషం ఇచ్చారు. ఆట ఉచితం, వేషం కొనుక్కోవాలి.

చదువుకునే తమ్ముళ్లకు ఒక విషయం. 1997 జూలైలో సమత కేసు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీ భూములు ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. పోటీ పరీక్షల్లో బిట్టుగా చదివేస్తాం. కానీ మన పల్నాడు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఐదో షెడ్యూల్ మన తండాలకు, మన గూడేలకు లేదు. పీసా చట్టం గ్రామసభ మనకు రాదు. మనం ఎస్టీలమే గానీ మన నేల ఎస్టీ కాదు. మైదానం గిరిజనుడి కథ ఇదే. పీసా కింద మనల్ని అడగాల్సిన అవసరం కూడా లేదు. అందుకే "అడగడం" అనే మాట ఎక్కడ తీసేసినా మాకు గుచ్చుకుంటుంది. ఆటలో అయినా సరే.

ఇక మాకు వచ్చే జవాబులు మాకు తెలుసు. ముందే తేల్చేద్దాం.

"అది గేమురా బాబూ, ఆడి పడేయండి" అంటారు. సరే. పదేళ్ల పిల్లోడు రోజుకి రెండు గంటలు ఆడే కథ ఉత్త గేము ఎట్లా అవుతుంది? స్టూవర్టుపురం మీద సినిమాలు తీసినప్పుడు కూడా "అది సినిమారా" అన్నారు. ఆ సినిమా చూసినోడే కాలేజీలో ఎరుకల పిల్లోణ్ణి "మీ ఊళ్లో దొంగతనాలు నేర్పుతారంటగా" అని అడుగుతాడు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1952లో పోయింది. చట్టం పోయినా తెరమీద బతుకుతూనే ఉంది. తెర చిన్నదైతే, జేబులో ఉంటే, బలం తగ్గదు. పెరుగుతుంది.

"మన దేశం గేము, పైకి తేవాల్సింది పోయి కిందికి లాగుతారా" అంటారు. మన దేశం అన్నారు కాబట్టే అడుగుతున్నాం. కొరియావాడి గేములో మేము లేమని ఏనాడైనా రాశామా? ఇండియా భవిష్యత్తు అని బోర్డు పెట్టినోణ్ణే ఆ భవిష్యత్తులో మాకు సీటు ఎక్కడ అని అడుగుతాం. పెళ్లికి పిలిచినోడి ఇంట్లోనే గదా ఇస్తరి గురించి అడిగేది.

"మీరు కూడా ఆడారు గదా, ఎంజాయ్ చేశారు గదా" అంటారు. అవును, ఆడాం. ఇది మా తప్పు కింద రాసుకోండి. కాస్మియం పట్టుకుని అరిచాం, ఎగిరాం. ఎవరి నేల అని మొదటి రోజు మాకే తట్టలేదు. చెంచు తమ్ముడు అనకపోతే ఇప్పటికీ తట్టేది కాదేమో. ఆ కథ మాలో కూడా అంత లోపలికి పోయింది. అందుకే ఈ పోస్టు కంపెనీ కంటే ముందు మాకు మేము రాసుకున్నది.

అయితే ఏం చేయాలి? తిట్టి ఊరుకుంటే పోస్టుకి లైకులొస్తాయి, అంతే. అలాస్కాలో ఇన్యుపియాట్ అనే ఆదివాసీ జనం ఉన్నారు. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే గిరిజన సంస్థ, ఒక గేమ్ కంపెనీతో కలిసి 2014లో "నెవర్ ఎలోన్" అనే గేము చేసింది. నూనా అనే పిల్ల, ఒక తెల్ల నక్క, ఆగని మంచు తుపాను. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే ఉంటుంది. వాళ్ల పెద్దలు చెప్పిన కథ అది. ఆడుతూ పోతుంటే ఆ పెద్దలూ ఆ జనమూ నిజంగా మాట్లాడే చిన్న చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. అందులో తుపాకీ లేదు. పిల్ల, నక్క ఒకరికొకరు సాయం చేసుకోకపోతే ఆట ముందుకు పోదు. ప్రపంచమంతా ఆడింది. వాళ్లని ఎవరో మ్యూజియంలో పెట్టకముందే వాళ్లే తెర మీదికి వచ్చారు.

మనకి ఏం తక్కువ? ఆదిలాబాద్ గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి. ఆ గుంజాల గోండి అక్షరాలు 2018లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. అంటే గేములో గోడ మీద ఏదో అర్థంకాని "పురాతన లిపి" గీసే బదులు నిజమైన ఆదివాసీ అక్షరం రాయొచ్చు. మన గోర్‌బోలీలో అమ్మమ్మలు పాడే పాటలున్నాయి. యానాదులకు ఏ పాముకు ఏ కలుగో, ఏ గడ్డికి ఏ గుణమో తెలుసు. చెంచు తమ్ముడు తేనె గురించి చెప్పాడు. కొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనె కోస్తారు. పైన తాడు పట్టుకునేది బావమరిది. ఎందుకంటే తాడు వదిలితే విధవయ్యేది వాడి తోడబుట్టిందే. తుట్టె మొత్తం కోయరు, కొంత ఉంచుతారు, మళ్లీ ఏడు తేనె కావాలి గదా.

ఇది విన్నాక మాకు ఏ కాస్మియమూ గొప్పగా అనిపించలేదు. తాడు, నమ్మకం, ఎంత కోయాలి, ఎంత వదలాలి. ఇంతకంటే మంచి గేము ఉంటుందా? ఎక్కువ కోస్తే ఇవాళ గెలుస్తావు, వచ్చే ఏడు ఓడతావు. దాన్ని వెయ్యేళ్ల తర్వాత పెట్టండి, ఇంకో గ్రహం మీద పెట్టండి, అప్పుడు కూడా నిలబడుతుంది. అది భవిష్యత్తు కథ.

కాబట్టి మేము అనుకున్నది చెప్తున్నాం. గోడో అనే గేమ్ ఇంజన్ ఉంది, పూర్తిగా ఉచితం. రూములో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, అది లేచేసరికి టీ తాగి రావచ్చు. దాంట్లోనే ఆ తేనె తాడు గేము చిన్నది, ఒక్క కొండ, ఇద్దరు మనుషులు, చేయడం మొదలుపెడుతున్నాం. రాకపోవచ్చు. వచ్చినా వికారంగా ఉండొచ్చు. స్టైల్ మాత్రం గ్యారంటీగా ఉండదు.

గ్రూపు నుంచి మాకు కావాల్సినవి మూడు. ఒకటి, మీ ఇంట్లో పెద్దోళ్ల గొంతు రికార్డు చేయండి. పాటైనా, కథైనా, అడవి దారి చెప్పినా సరే. వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. మనం కూడా అడగకుండా తీసుకుంటే మనకీ కోవెన్‌కీ తేడా లేదు. రెండు, యానిమేషన్, కోడింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పోస్టు కింద పేరు పెట్టండి. 2024లో హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు జరిగింది, అట్లాంటి చోట్లకి మనవాళ్లు ఒకరిద్దరు పోయినా చాలు, వెనక కుర్చీలో కూర్చున్నా చాలు. మూడు, ఇండస్ తయారుచేసినోళ్లకి, ఇండియా పేరు పెట్టుకుని గేము చేసే ప్రతి ఒక్కరికీ మర్యాదగా ఒకటే ప్రశ్న పంపండి. తిట్టొద్దు, ట్రోలింగ్ వద్దు. ప్రశ్న ఇది: "మీ భవిష్యత్తులో మేము ఉన్నామా? ఉంటే మమ్మల్ని అడిగారా?"

యక్షులు మాయమయ్యారని వాళ్లు రాసుకున్నారు. మేము పిడుగురాళ్లలో ఉన్నాం. హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంది.

జై సేవాలాల్. జై భీమ్. జోహార్.

పిడుగురాళ్ల రూము నుంచి, మీ ఐదుగురు తమ్ముళ్లు